పిల్లి వీపు ఎందుకు అదురుతుంది? పేరు దొరికాక మిగిలే ప్రశ్న

పోయిన వారం ఒక స్నేహితురాలు 14 సెకన్ల వీడియో పంపింది. అందులో ఆమె పిల్లి గచ్చు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఉన్నట్టుండి భుజాల దగ్గర మొదలైన అదురు వీపు మీదుగా తోక మొదలు దాకా, గాలి తోసిన నీటి అలలా పాకింది. పిల్లి ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, తన తోక ఇంకెవరిదో అయినట్టు ఒక క్షణం దానికేసి చూసి, నడుము పక్కన మూడు సార్లు గబగబా నాకి, చెవులు వెనక్కి పెట్టి మంచం కిందికి దూసుకుపోయింది. వీడియో కింద ఒక్క వాక్యం ఉంది: "ఇది హైపరెస్థీషియా సిండ్రోమే కదా?"

"ఇదేమిటి?" అని ఆమె అడగలేదు. స్పర్శ మితిమీరి తెలిసే ఇబ్బందికి పెట్టిన ఆ పేరును ముందే తెలుసుకుని, దాన్ని ఖరారు చేయమని అడిగింది. వెంటనే జవాబు రాయలేకపోయాను, ఎందుకంటే మూడేళ్ల కిందట మా పిల్లి విషయంలో నేనూ డాక్టరుకు దాదాపు ఇదే వాక్యాన్ని ఇదే ధీమాతో రాశాను. ఆ ధీమాకు నాలుగు నెలలు ఖర్చయ్యాయి. ఖర్చు పెట్టింది నేను, భరించింది పిల్లి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లి వీపు అదరడానికి ఆ పేరు పెట్టడం అన్నిటికన్నా ఆఖరున జరగాల్సిన పని. దాన్ని మొదటే పెట్టేస్తే మిగతా వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది, ఆగిపోయిన చోట తేలికగా నయమయ్యే కారణాలు కూడా ఉండిపోతాయి. ఈ అభిప్రాయంలో నాకున్న సందేహాలను కూడా దాచకుండా రాయడానికి ప్రయత్నిస్తాను.

చర్మం కింద ఉన్న కండరం

ఆవు మీద ఈగ వాలినప్పుడు తోక అందని చోట చర్మం ఒక్కటే గిలగిలలాడడం చూసే ఉంటారు. ఆ పని చేసేది చర్మానికి అంటిపెట్టుకుని ఒంటిని దుప్పటిలా కప్పి ఉండే ఒక పల్చటి కండరం. శరీరశాస్త్రంలో దాన్ని క్యుటేనియస్ ట్రంకై అంటారు. గుర్రానికి, కుక్కకు, పిల్లికి కూడా ఇది ఉంది. మనిషి వీపుకు ఇలాంటి పొర లేదు. మెడ ముందు భాగంలో చర్మాన్ని లాగే పల్చటి కండరం ఒకటి దీనికి దూరపు చుట్టం. బహుశా అందుకే పిల్లి వీపు మీద అల చూడగానే మనకు అదేదో అసహజమైన విషయంలా తోస్తుంది. మన ఒంటికి రాని విద్య కదా!

ఈ అదురు ప్రయాణించే దారి చిత్రమైనది. నడుము దగ్గర చర్మాన్ని తాకితే ఆ కబురు వెన్నుపాములో ప్రవేశించి, మెడ ఛాతీ కలిసే చోటు దాకా పైకి వెళ్లి, అక్కడి నుంచి బయలుదేరే ఒక నరం ద్వారా వీపు కండరానికి తిరిగి వస్తుంది. అంటే తాకిన చోటు ఒకటి, ఆజ్ఞ వెలువడే చోటు మరొకటి, రెండింటి మధ్య వెన్నెముకలో చాలా భాగం ఉంది. వెన్ను దెబ్బతిన్న జంతువులో దెబ్బ ఎక్కడుందో అంచనా వేయడానికి పశువైద్యులు ఈ దారినే వాడుకుంటారు. వెన్నుకు అటూ ఇటూ చర్మాన్ని సన్నగా గిల్లుతూ నడుము నుంచి పైకి వస్తారు. ఏ చోటు దాటాక వీపు స్పందించడం మొదలవుతుందో దానికి కాస్త పైగా లోపం ఉండవచ్చని గుర్తు పెట్టుకుంటారు. కొన్ని ఆరోగ్యమైన పిల్లులు ఎంత గిల్లినా స్పందించవు కాబట్టి దీన్ని ఒంటరిగా నమ్మరు.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. అదురు అనేది రోగం కాదు, ఒక పరికరం. చర్మాన్ని ఏదో తాకినప్పుడు విదిలించుకోవడానికి ఒంటిలో అమర్చి ఉన్న పరికరం. తడి చేత్తో నిమిరినా, తోక మొదలు దగ్గర వేళ్లతో గోకినా, నిద్రపట్టబోతున్న పిల్లి మీద దుప్పటి అంచు పడినా అది పని చేస్తుంది. ఒక్కసారి అదిరి, పిల్లి కళ్లు కూడా తెరవకుండా మళ్లీ నిద్రలోకి జారుకుంటే అక్కడ వెతకాల్సింది ఏమీ లేదు. పరికరం మాటిమాటికి, తాకే వస్తువు ఏదీ కనిపించకుండా, పిల్లిని హడలగొట్టేలా పనిచేస్తున్నప్పుడు మాత్రమే ప్రశ్న మొదలవుతుంది. అప్పుడు కూడా ప్రశ్న "ఏది దీన్ని మీటుతోంది?" అన్నదే.

పేరులో ఏముంది, ఏం లేదు

ఫిలైన్ హైపరెస్థీషియా సిండ్రోమ్ అనే పేరు 1980 నాటికి పశువైద్య పత్రికల్లోకి వచ్చింది. స్పర్శ మితిమీరి తెలియడమే హైపరెస్థీషియా. దాని కింద చెప్పే లక్షణాలు చాలామందికి తెలిసినవే: నడుము మీది చర్మం అలలుగా కదలడం, తోక కొట్టుకోవడం, కంటి పాపలు పెద్దవి కావడం, ఒక రకంగా అరవడం, కారణం లేకుండా పరుగు తీయడం, తోకను గానీ పక్కటెముకల వెనక భాగాన్ని గానీ నాక్కోవడం, కొరుక్కోవడం. కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా ఉండి, తర్వాత ఏమీ జరగనట్టు ఉంటుంది. ఎక్కువగా పడుచు పిల్లుల్లో మొదలవుతుందని, సయామీస్, బర్మీస్, అబిసీనియన్ వంటి జాతుల్లో తరచుగా కనిపిస్తుందని రాస్తుంటారు.

ఇదంతా వర్ణన. కారణం ఇందులో ఎక్కడా లేదు. "మా పిల్లి వీపు ఎందుకు అదురుతోంది?" అని అడిగితే "అతిస్పర్శ లక్షణాల సమూహం ఉంది కాబట్టి" అని చెప్పడం, "నాకు నిద్ర ఎందుకు పట్టడం లేదు?" అన్నవాడికి "నిద్రలేమి వల్ల" అని చెప్పినట్టే ఉంటుంది. చర్మవైద్యం చేసేవారు ఇందులో దురదను చూస్తారు, నరాల వైద్యులు పాక్షిక మూర్ఛనో నరాల నొప్పినో చూస్తారు, ప్రవర్తన నిపుణులు ఆందోళనను, ఒక పనిని వదల్లేక మళ్లీ మళ్లీ చేసే అలవాటును చూస్తారు. అందరూ చూస్తున్నది ఒకే వీపు. అందుకే ఇది మిగతావన్నీ కాదని తేలాక మిగిలే పేరు అని శ్రద్ధగా రాసే వైద్యులందరూ ఒప్పుకుంటారు.

2019లో పిల్లుల వైద్యానికి సంబంధించిన ఒక పత్రికలో ఏడు పిల్లుల చరిత్ర వచ్చింది. అన్నీ ఈ లక్షణాలతో పాటు సొంత తోకను గాయపరచుకున్నవే. వాటిలో ఆరు మెరుగుపడ్డాయి, కానీ అన్నిటినీ మెరుగుపరచిన మందు ఒక్కటి కాదు. రెండింటికి గాబాపెంటిన్ ఒక్కటే సరిపోయింది. మిగతావాటికి సైక్లోస్పోరిన్, అమిట్రిప్టిలిన్ వంటివి రకరకాల కలయికల్లో వాడాల్సి వచ్చింది. వీటిలో ఒకటి నరాల నొప్పికి వాడేది, ఒకటి రోగనిరోధక చర్యను తగ్గించేది, ఒకటి మానసిక ఆందోళనకు వాడేది. ఏడు పిల్లుల నుంచి పెద్ద సిద్ధాంతాలు తీయకూడదని తెలుసు. అయినా ఒకే పేరున్న పిల్లులకు ఇంత వేర్వేరు మందులు పనిచేశాయంటే, ఆ పేరు కింద ఒకటికి మించిన జబ్బులు తలదాచుకుంటున్నాయని అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది.

ఇక్కడ నా మాటకు నేనే అడ్డు చెప్పుకోవాలి. పేరుకు తన ప్రయోజనం తనకుంది. రాత్రిపూట అరుచుకుంటూ ఇల్లంతా పరుగెత్తే పిల్లిని పొగరుబోతు అనుకుని కసిరే ఇంట్లో, "దీనికి ఇలాంటి ఇబ్బంది ఉంది" అన్న ఒక్క మాట ఆ కసురును ఆపగలదు. పైగా తోకను నెత్తురొచ్చేలా కొరుక్కుంటున్న పిల్లి విషయంలో, అన్ని కారణాలనూ ఒక్కొక్కటిగా కొట్టేసే దాకా మందు ఇవ్వకుండా కూర్చోవడం క్రూరత్వమే అవుతుంది. అక్కడ ముందు గాయాన్ని ఆపాలి, నొప్పి తగ్గించాలి, ఆ తర్వాతే వెతుకులాట. దీనితో నాకు పేచీ లేదు. డాక్టరు తెలిసి, తాత్కాలికంగా పెట్టుకున్న పేరు వెతుకులాటను ఆపదు. రాత్రి పదకొండింటికి ఫోన్‌లో చదివి మనం పెట్టుకున్న పేరు ఆపేస్తుంది. నా విషయంలో జరిగింది అదే.

మసి వీపు

మా పిల్లి పేరు మసి. మసి రంగులోనే ఉంటుంది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. వీపు అదరడం మొదలైన వారం రోజుల్లో నేను కనీసం 30 వీడియోలు చూసి, లక్షణాలు సరిపోల్చుకుని, పేరు స్థిరం చేసుకున్నాను. ఇక ఆ పేరుకు తగ్గ జీవితం మొదలైంది. వీపు నిమరడం మానేశాం. రోజూ ఒకే వేళకు ఆట, ఒకే వేళకు తిండి, ఇంట్లో గొంతులు తగ్గించి మాట్లాడుకోవడం. ఇవేవీ చెడ్డవి కావు, నిజానికి ఏ పిల్లికైనా మంచివే. కానీ అదురు తగ్గలేదు. తగ్గకపోవడం కూడా నా నిర్ధారణకే బలమిచ్చింది: మొండి జబ్బు కదా, అంత తొందరగా ఎలా తగ్గుతుంది!

నాలుగు నెలల తర్వాత పశువైద్యురాలు నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "ఫ్లీలకు మందు ఎప్పుడు వేశారు?" అని మాత్రం అడిగారు. రెక్కలు లేకుండా గెంతే ఆ గోధుమరంగు పురుగులను మనం గోమార్లతోనూ పేలతోనూ కలిపేసి మాట్లాడుతుంటాం గానీ, అవి వేరు. "ఇది గడప దాటని పిల్లి అండీ, ఒక్క పురుగు కూడా నాకెప్పుడూ కనబడలేదు" అన్నాను. ఆమె వాదించలేదు. సన్నటి పళ్ల దువ్వెన తీసుకుని తోక మొదలు దగ్గర, వెన్ను వెంట వెంట్రుకలకు ఎదురుగా రెండు మూడు సార్లు దువ్వి, పళ్ల మధ్య చిక్కిన నల్లటి నలుసులను తడిపిన తెల్ల దూది మీద రాల్చారు. నలుపు మీద నలుపు కాబట్టి మసి ఒంటి మీద అవి నాకు కనబడే అవకాశమే లేదు. తడి దూది మీద మాత్రం ఒక్కొక్క నలుసు చుట్టూ ఇటుక రంగు మరక మెల్లగా విచ్చుకుంది. అది ఫ్లీ మలం, అంటే అరిగిన నెత్తురు. నాలుగు నెలల పాటు నేను చదివిన వ్యాసాలన్నీ ఆ దూది ముక్క ముందు వెలవెలబోయాయి.

పురుగు కనబడకపోవడం దేనికీ రుజువు కాదని అప్పుడు తెలిసింది. పిల్లి నాలుక స్వయంగా ఒక దువ్వెన. ఒంటి మీది పురుగులను అదే ఏరి మింగేస్తుంది. ఫ్లీ లాలాజలమంటే అలర్జీ ఉన్న పిల్లికి కొద్ది కాట్లే చాలు, నడుము, తోక మొదలు మండిపోవడానికి. ఇంటిని పట్టిన ఫ్లీలలో పెద్ద పురుగులు సుమారు 5 శాతమే ఉంటాయని, మిగతావన్నీ గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్లలో దాగిన ప్యూపాలుగా పరుపుల్లో, తివాచీల్లో, నేల పగుళ్లలో ఉంటాయని అంటారు. గూటిలోని పురుగు నెలల తరబడి ఓపిక పట్టగలదు. మనిషి బట్టలను పట్టుకుని కూడా ఇంట్లోకి రాగలదు. అందుకే గడప దాటని పిల్లి అనేది వాదనగా నిలబడదు, మందు ఒక్కసారి వేసి పని కాలేదనడమూ నిలబడదు. మాకు దాదాపు రెండు నెలలు పట్టింది.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నా వాదన ఇంకా చక్కగా ఉండేది. కానీ అదురు బాగా తగ్గిందే తప్ప పోలేదు. దురద పోయింది, గబగబా నాక్కోవడం పోయింది. సాయంత్రాలు నడుము దగ్గర ఒక చోట మాత్రం చర్మం అలాగే ముడుచుకునేది. ఫ్లీలే కారణమని తేల్చేసుకుని ఊరుకుంటే నేను మళ్లీ పాత తప్పే చేసినట్టు, పేరు మాత్రం మారినట్టు. ఈసారి డాక్టరు ఎక్స్‌రే తీయించారు. నడుము, తుంటి కలిసే చోట ఎముక అరుగుదల కనిపించింది. 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్ల అరుగుదల కనిపించిందని 2002లో ఒక అధ్యయనం వచ్చింది. అంటే ముసలి పిల్లికి ఎక్స్‌రే తీస్తే ఏదో ఒకటి కనబడుతుంది. కనబడినదల్లా నొప్పి పెడుతోందని చెప్పలేం. కనబడనంత మాత్రాన నొప్పి లేదనీ చెప్పలేం. ఆమె కొన్ని వారాలు నొప్పి మందు ఇచ్చి చూద్దామన్నారు.

పదో రోజో పన్నెండో రోజో, మసి నేల మీద నుంచి కిటికీ గట్టు మీదికి ఒక్క గెంతులో ఎక్కింది. అంతకుముందు ఏడాదికి పైగా అది ముందు కుర్చీ ఎక్కి, కుర్చీ చేతి మీదికి వెళ్లి, అక్కడి నుంచి గట్టు ఎక్కేది. అది తెలివితేటలనుకుని మేం మురిసిపోయేవాళ్లం. వచ్చిన వాళ్లకు పిలిచి మరీ చూపించాం కూడా.

వీపు ఒక్కటే చూస్తే

నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించిన విషయం ఇదే. నేను నాలుగు నెలలు మసి వీపును చూశాను, మసిని చూడలేదు. ఎక్కడి నుంచి గెంతడం మానేసిందో, మూత్రం పోసే డబ్బా అంచు దాటేటప్పుడు ఎందుకు ఆగుతోందో, ఒంటి ఏ భాగాన్ని శుభ్రం చేసుకోవడం వదిలేసిందో గమనించలేదు. పిల్లులు నొప్పిని అరిచి చెప్పవు. చేసే పనులు ఒక్కొక్కటి తగ్గించుకుంటూ పోతాయి. ఉన్నట్టుండి వచ్చే నొప్పిని పిల్లి ముఖంలో చదవడానికి మాంట్రియల్ విశ్వవిద్యాలయం వారు 2019లో ఒక కొలమానం తయారుచేశారు. చెవుల తీరు, కళ్లు ఎంత ముడుచుకున్నాయి, మూతి బిగుతు, మీసాలు, తల ఎత్తిన తీరు, ఈ ఐదూ చూస్తారు. వీపు అందులో లేదు.

రెండో వైపు నుంచి కూడా తప్పు జరుగుతుంది. "పిల్లులు అంతే, అదురుతాయి" అనేవారున్నారు, చాలాసార్లు వారి మాటే నిజం. ప్రతి అదురునూ వీడియో తీసి జబ్బు కింద లెక్కేస్తే, ఆరోగ్యమైన పిల్లులను బుట్టల్లో పెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిప్పి కొత్త భయాలు అంటించడం తప్ప ఒరిగేది లేదు. నిమురుతుంటే వీపు అదిరే పిల్లి విషయంలో ఇది మరీ నిజం. అది చాలాసార్లు "ఇక చాలు" అని చెప్పడం. ముందు చర్మం కదులుతుంది, తర్వాత తోక చివర కొట్టుకుంటుంది, చెవులు పక్కకు తిరుగుతాయి, అప్పటికీ చెయ్యి ఆగకపోతే పళ్లు వస్తాయి. "ఉన్నట్టుండి కరిచింది" అని ఫిర్యాదు చేసేవారు ఆ ముందరి మూడు మాటలూ వినలేదన్నమాట.

ఏ వాదమూ పనికిరాని సందర్భం ఒకటుంది. కుక్కలకు వేసే ఫ్లీ మందు పిల్లికి వేసిన కొన్ని గంటల్లోనో, మర్నాడో అదురు మొదలైతే అక్కడ గమనించి రాసుకునే తీరిక లేదు. అలాంటి మందుల్లో కొన్నింట పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. అప్పుడు వీపు ఒక్కటే కదలదు. చెవులు, ముఖం, కాళ్లు కూడా వణుకుతాయి, నడక తూలుతుంది, మూర్ఛలు వస్తాయి, ప్రాణమే పోవచ్చు. వెంటనే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. అలాగే నొప్పేమో అన్న అనుమానంతో మనుషుల పారాసిటమాల్ ముక్క పెట్టకూడదు. అది పిల్లికి విషం. వీపు అదరడం గురించి రాసేవారు ఈ రెండు మాటలు మొదటే రాయాలి. నేను ఇంత దిగువన రాశానంటే, నాకూ నా కథ మీద మోజు ఎక్కువేనని ఒప్పుకోవాలి.

ఒక సందేహం ఇప్పటికీ నన్ను వదలలేదు. ఫ్లీలు పోయాయి, నొప్పి మందు తగిన మోతాదులో సాగుతోంది, అయినా వారానికి ఒకటి రెండు సార్లు మసి వీపు అదురుతుంది. మిగిలింది నిజంగానే ఆ సిండ్రోమ్ కావచ్చు. నేను మొదట పెట్టిన పేరు మూడో వంతు సరైనదేనేమో! తిండి పడకపోవడం అనే కారణాన్ని కొట్టేయడానికి ఎనిమిది వారాలు ఒకే రకం తిండి పెట్టి చూశాం, తేడా లేదు. ఎమ్మారై కోసం మత్తు ఇప్పించాలి. ఈ వయసులో, ఈపాటి అదురుకు అది అవసరమా అని డాక్టరే అడిగారు, వద్దనుకున్నాం. వెతుకులాటను ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. నేను ఆపిన చోటు సరైనదేనని ప్రమాణం చేసి చెప్పలేను. అదురు వచ్చినప్పుడు పట్టుకోవడానికి ప్రయత్నించం, పిలవం. అది సర్దుకున్నాక ఎప్పుడు, ఎంతసేపు, అంతకుముందు ఏం చేస్తోంది అని రాసుకుంటాను. ఆ రాతల్లో ఎక్కువ భాగం "మంచం దిగింది, అదిరింది" అని ఉంటుంది.

స్నేహితురాలికి అవును అనీ రాయలేదు, కాదు అనీ రాయలేదు. వీడియో మొదలయ్యే ముందు ఏం జరిగిందో చెప్పమన్నాను. ఆమెకు గుర్తు లేదు. ఫోన్‌ను ఒక చోట నిలబెట్టి ఎక్కువసేపు తీయమన్నాను. నిన్న 11 నిమిషాల వీడియో వచ్చింది. చాలాసేపు ఏమీ లేదు. ఏడో నిమిషంలో పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి పిల్లిని మెడ నుంచి తోక దాకా నిమిరింది. చెయ్యి నడుము దాటగానే పిల్లి వీపును కిందికి దించింది, కూర్చోబోయినట్టు. రెండోసారి ఇంకాస్త దించింది. మూడోసారి చెయ్యి అక్కడికి రాకముందే దించింది. అదురు ఆ తర్వాత వచ్చింది.

అక్కడ చెయ్యి పడితే ఎప్పుడూ ఇలాగే వంగుతుందా అని అడిగాను. "అవును, చిన్నప్పటి నుంచి కాదు గానీ ఈ మధ్య. దానికి ఇష్టమేమో అనుకున్నాను" అని రాసింది. గురువారం డాక్టరు దగ్గరకు వెళ్తోంది. రెండు వీడియోలూ చూపించమన్నాను, వెళ్లేలోగా ఒకసారి దువ్వెనతో దువ్వి తడి దూది మీద రాల్చి చూడమన్నాను.